ఒకే ఐపీ చిరునామాపై నాలుగు వెబ్‌సైట్లు: గూగుల్‌లో వెనకబడకుండా నడపడం ఎలా?

ఊరగాయల దుకాణానికి ఒక సైటు, మేనమామగారి బడికి ఒకటి, వంటలకు ఒకటి, ఊరి గ్రంథాలయానికి ఇంకొకటి. ఇంట్లో కాస్త కంప్యూటర్ తెలిసిన మనిషి ఉంటే చాలు, ఇలాంటివన్నీ ఒక్కొక్కటిగా ఆ మనిషి చేతికే చేరతాయి. అన్నీ ఒకే హోస్టింగ్ ఖాతాలో (సైట్లు ఉంచడానికి సర్వర్‌లో అద్దెకు తీసుకున్న చోటు), ఒకే ఐపీ చిరునామాపై (ఇంటర్నెట్‌లో ఆ సర్వర్‌ను గుర్తించే అంకెలు) నడుస్తుంటాయి. కొన్నాళ్లకు ఎవరో ఫోను చేసి, "మీ ఐపీ మీద ఇంకా మూడు వందల సైట్లున్నాయండీ, అందుకే గూగుల్ మిమ్మల్ని పైకి రానివ్వడం లేదు. విడి ఐపీ తీసుకోండి" అంటారు. ఆ మాట నమ్మి నెలనెలా డబ్బు కట్టినవాళ్లు నాకు తెలుసు. నేనూ ఒక ఏడాది కట్టాను. నా సైట్లు ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

తర్వాత ఓపికగా వెతికితే లోపాలు దొరికాయి. ఒక్కటీ ఐపీలో లేదు. అన్నీ ఆ ఐపీ వెనక నా సైట్లను నేను అమర్చిన తీరులోనే ఉన్నాయి. ఆ లోపాలను మీ సైట్లలో ఎలా పట్టుకోవాలో, ఎలా సరిదిద్దుకోవాలో వరుసగా చెబుతాను. పని మొదలుపెట్టేముందు ఒక్క విషయం తెలిసి ఉండాలి.

ఒకే ఐపీ మీద పది సైట్లు ఎలా బతుకుతాయి?

ఒకే డోరు నంబరు మీద మూడు పోర్షన్లున్న ఇంటిని తలుచుకోండి. ఉత్తరం మీద డోరు నంబరుతో పాటు మనిషి పేరు కూడా ఉంటుంది కాబట్టి పోస్ట్‌మ్యాన్‌కు తికమక ఉండదు. తొలినాళ్ల వెబ్‌లో ఈ పేరు రాసే పద్ధతి లేదు. బ్రౌజర్ సర్వర్ దగ్గరికి వెళ్లి ఫలానా పేజీ ఇవ్వమని అడిగేదే తప్ప, ఏ సైటులోని పేజీయో చెప్పేది కాదు. అందువల్ల ఒక్కో సైటుకు ఒక్కో ఐపీ కావలసి వచ్చేది. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే నియమావళి హెచ్‌టీటీపీ. 1997 జనవరిలో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రతి అభ్యర్థనలోనూ సైటు పేరు ఉండి తీరాలని నియమం పెట్టింది. ఒకే ఐపీ మీద వందల సైట్లు నడవడానికి దారి అలా పడింది.

ఆ సంభాషణను రహస్యంగా ఉంచే హెచ్‌టీటీపీఎస్‌తో మళ్లీ ఒక చిక్కు వచ్చింది. ఇక్కడ ఉత్తరం సీలు వేసిన కవరులో ఉంటుంది, పేరు కవరు లోపల ఉంటుంది. ఏ సైటు సర్టిఫికెట్ (ఆ సైటు నిజమైనదేనని చూపే పత్రం) చూపించాలో సర్వర్‌కు ముందుగా తెలియదు. 2003లో ప్రమాణంగా వచ్చిన ఎస్‌ఎన్‌ఐ అనే ఏర్పాటు పేరును కవరు పైనే రాయించింది. విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది అర్థమయ్యేది కాదు కాబట్టి, దుకాణాల సైట్లవాళ్లు చాలా ఏళ్లపాటు విడి ఐపీనే నమ్ముకున్నారు. 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మద్దతు ఆపేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్న బ్రౌజర్లన్నిటికీ ఎస్‌ఎన్‌ఐ తెలుసు. గూగుల్ తరఫున సైట్లను చదివే గూగుల్‌బాట్‌కూ తెలుసు.

పైగా పాత తరహా ఐపీ చిరునామాలు మొత్తం కలిపి సుమారు 429 కోట్లే. ప్రపంచమంతటికీ వాటిని పంచే సంస్థ ఐఏఎన్‌ఏ తన దగ్గర మిగిలిన చివరి కట్టలను 2011 ఫిబ్రవరిలో ప్రాంతీయ సంస్థలకు ఇచ్చేసింది. ఉన్నవాటినే అందరూ పంచుకోవాలి. పంచుకోవడమే తప్పని గూగుల్ శిక్షించాలంటే వెబ్‌లో చాలా భాగాన్ని శిక్షించాలి.

గూగుల్ కూడా ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. 2000ల మొదట్లోనే అప్పటి సాంకేతిక విభాగం డైరెక్టర్ క్రెయిగ్ సిల్వర్‌స్టీన్, ఐపీ పంచుకునే సైట్లనూ విడి ఐపీ ఉన్న సైట్లనూ, వాటి లింకులనూ తాము ఒకేలా చూస్తామన్నారు. ఆ జవాబులోనే ఆయన ఇంకో మాట కలిపారు: కొన్ని హోస్టింగ్ సంస్థలు ఈ పంచుకునే ఏర్పాటును తప్పుగా అమరుస్తున్నాయని, బహుశా అందుకే ఈ అపోహ పోవడం లేదని. ఆ తర్వాత 2006లో గూగుల్ ఇంజనీర్ మ్యాట్ కట్స్ కూడా అదే విషయాన్ని మళ్లీ గుర్తుచేశారు. మీరు పట్టుకోవలసినది సిల్వర్‌స్టీన్ చివర కలిపిన ఆ మాటనే. కింది పనులన్నీ అమరికలో తప్పులు వెతకడానికే.

మొదటి పని: జాబితా రాయండి

ఒక కాగితం తీసుకుని మీ చేతిలో ఉన్న ప్రతి సైటుకూ నాలుగు విషయాలు రాయండి: డొమైన్ పేరు, అది ఏ ఐపీ మీద ఉంది, సర్వర్‌లో ఏ ఫోల్డర్‌లో ఉంది, దాని అసలు చిరునామా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో మొదలవుతుందా, అది లేకుండానా. సీప్యానెల్ (హోస్టింగ్ ఖాతాను నడిపే సాధనం) వాడుతుంటే ఐపీ ముందు పేజీలో కుడివైపే కనిపిస్తుంది. సందర్శకులకూ మీ సర్వర్‌కూ మధ్యలో నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ ఉంటే బయటినుంచి కనిపించేది వాళ్ల ఐపీయే, మీ సర్వర్‌ది కాదు. రెండూ రాసుకోండి.

ఒక ఐపీ మీద ఇంకా ఎవరెవరు ఉన్నారో చూపే ఉచిత సేవలు చాలా ఉన్నాయి. చూస్తే చూడండి గానీ, అందులో జూదం సైటు ఒకటి కనిపించిందని నిద్ర పాడుచేసుకోకండి. పక్క పోర్షన్‌లో ఎవరున్నారో చూసి మీ సైటు మంచిచెడ్డలు తేల్చే అలవాటు గూగుల్‌కు లేదు.

రెండో పని: పేరు లేని ఉత్తరం ఎవరికి చేరుతోంది?

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే తప్పు ఇదే, కాబట్టి కాస్త నిలబడి చూద్దాం. ఐపీ మీదికి వచ్చిన అభ్యర్థనలోని పేరు సర్వర్‌కు తెలిసిన ఏ సైటు పేరుతోనూ కలవకపోతే, సర్వర్ ఊరుకోదు. తన జాబితాలో మొదట ఉన్న సైటును చూపిస్తుంది. అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో అమరిక ఫైళ్లు పేరు వరుసలో చదవబడతాయి కాబట్టి అక్షరక్రమంలో ముందున్న సైటుకే ఆ ఉత్తరాలన్నీ చేరతాయి. అలాంటిదే అయిన ఇంజిన్‌ఎక్స్‌లోనూ అంతే, ఫలానాది డిఫాల్ట్ అని మీరు చెప్పకపోతే మొదటిదే డిఫాల్ట్.

నా సైట్లలో జరిగింది ఇది. సర్వర్ మార్చినప్పుడు బడి సైటుకు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని పేరు మాత్రమే నమోదు చేశాను. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఎవరైనా తెరిస్తే వరుసలో ముందున్న ఊరగాయల సైటు వచ్చేది. నేను ఎప్పుడూ చిన్న పేరుతోనే తెరిచేవాణ్ని కాబట్టి రెండు నెలలు గమనించలేదు. ఈలోగా గూగుల్ బడి పేరు కింద ఆవకాయ ధరలు చదువుకుంది. ప్రవేశాల సమయంలో బడి కోసం వెతికిన తల్లిదండ్రులకు ఆ ఫలితం కనిపించింది. ఊరగాయల సైటుకూ నష్టమే, దాని పేజీలకు ఇంకో పేరు మీద నకళ్లు పుట్టాయి. ఆ రోజుల్లోనే ఎవరో నాకు విడి ఐపీ కొనమని సలహా ఇచ్చారు.

మీరు చేయవలసింది: జాబితాలోని ప్రతి సైటునూ నాలుగు రకాలుగా తెరవండి. హెచ్‌టీటీపీతో, హెచ్‌టీటీపీఎస్‌తో, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉంచి, తీసేసి. నాలుగూ చివరికి ఒకే చిరునామాకు చేరాలి. ఏదైనా వేరే సైటును చూపినా, సర్టిఫికెట్ హెచ్చరిక చూపినా అక్కడే లోపం ఉంది. తర్వాత బ్రౌజర్‌లో నేరుగా ఐపీ అంకెలు టైపు చేయండి. షేర్డ్ హోస్టింగ్ అయితే సంస్థవారి ఖాళీ పేజీ వస్తుంది, మంచిదే. సొంత సర్వర్ అయితే మీ సైటొకటి కనిపించే అవకాశం ఎక్కువ. దాన్ని అలా వదలకండి. అన్నిటికన్నా ముందు నిలిచేలా, ఏ సైటూ చూపని ఒక డిఫాల్ట్ అమరిక పెట్టండి. అది పేజీ లేదని 404 జవాబు ఇస్తే చాలు. ఇంజిన్‌ఎక్స్‌లో అయితే 444 అనే అంకెతో జవాబే లేకుండా తలుపు మూసేయవచ్చు. ఈ అమరిక 80 (హెచ్‌టీటీపీ), 443 (హెచ్‌టీటీపీఎస్) పోర్టులు రెండిటికీ ఉండాలి. చాలామంది 80కి పెట్టి 443ను మరిచిపోతారు.

మూడో పని: యాడాన్ డొమైన్ల నకళ్లు తొలగించండి

సీప్యానెల్‌లో రెండో సైటును యాడాన్ డొమైన్‌గా చేర్చినప్పుడు తెరవెనక ఒక సంగతి జరుగుతుంది. ఆ డొమైన్‌కు తోడుగా మీ మొదటి డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ కూడా పుడుతుంది. కొత్త సైటు ఫోల్డర్ మొదటి సైటు ఫోల్డర్ అయిన పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ లోపల ఉంటే మూడో దారి కూడా తెరుచుకుంటుంది. అంటే బడి సైటులోని ప్రతి పేజీ బడి సొంత చిరునామాలోనూ, ఊరగాయల డొమైన్ కింద సబ్‌డొమైన్‌గానూ, ఊరగాయల సైటులో ఒక ఫోల్డర్‌గానూ తెరుచుకుంటుంది. ఒకే పేజీకి మూడు చిరునామాలు. గూగుల్ వాటిలో ఒకదాన్ని అసలుదిగా ఎంచుకుంటుంది. అది మీకు కావలసినదే అవుతుందన్న హామీ లేదు.

కొత్త సైటు అయితే చేర్చేటప్పుడే ఫోల్డర్‌ను పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ బయట పెట్టండి. పాతదైతే ఆ రెండు దొంగ దారులనుంచీ అసలు చిరునామాకు 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా దారి మళ్లించే ఏర్పాటు) పెట్టండి. ముందు పేజీకే కాదు, ప్రతి పేజీనుంచీ దాని జతకు వెళ్లాలి. పేజీకి అసలు చిరునామా ఏదో గూగుల్‌కు చెప్పే క్యానానికల్ ట్యాగ్ కూడా దాన్నే చూపాలి. క్యానానికల్ గూగుల్‌కు ఒక సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. అందుకే రీడైరెక్ట్ పెట్టగలిగిన చోట రీడైరెక్టే పెట్టండి.

ఇక్కడ ఒక తప్పు మాత్రం చేయకండి. నకలు చిరునామాలను గూగుల్ చూడకుండా రోబోట్స్ ఫైలులో అడ్డుకోవాలని అనిపిస్తుంది. అడ్డుకుంటే గూగుల్‌బాట్ లోపలికే రాదు, మీరు పెట్టిన రీడైరెక్ట్‌ను చూడదు, పాత చిరునామా ఫలితాల్లో అలాగే వేలాడుతుంది. దారి తెరిచి ఉంచి దారి మళ్లించండి.

నాలుగో పని: ప్రతి పేరుకూ సర్టిఫికెట్

2014 ఆగస్టులో హెచ్‌టీటీపీఎస్‌ను ర్యాంకింగ్‌లో ఒక చిన్న అంశంగా లెక్కిస్తామని గూగుల్ ప్రకటించింది. 2015 డిసెంబరునుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తోంది కాబట్టి ఖర్చు సాకు లేదు. జాగ్రత్త ఒక్కటే: ఈ సర్టిఫికెట్లకు ఆయువు తక్కువ, ఎక్కువలో ఎక్కువ 90 రోజులే. చేత్తో మార్చుకుంటూ కూర్చోకండి. తనంతట తానే కొత్తది తెచ్చుకునే ఏర్పాటు పెట్టండి, అది నిజంగా పనిచేస్తోందో లేదో మూడు నెలలకొకసారి గడువు తేదీ చూసి నిర్ధారించుకోండి. నాలుగు సైట్లలో మూడు సవ్యంగా ఉండి, ఎవరూ తొంగిచూడని నాలుగోదాని గడువు ముగిసిపోవడం తరచూ జరుగుతుంది.

ఐదో పని: సెర్చ్ కన్సోల్‌లో విడివిడిగా నమోదు

సైట్లు ఒకే ఇంట్లో ఉన్నా గూగుల్ దగ్గర వేర్వేరు ఖాతాల పుస్తకాలే. ప్రతి డొమైన్‌నూ సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో డొమైన్ ప్రాపర్టీగా చేర్చండి. అందుకు డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరు ఏ ఐపీకి చేరాలో చెప్పే పట్టిక) ఒక టెక్స్ట్ రికార్డు పెట్టాలి, అంతే. ప్రతి సైటుకూ సొంత రోబోట్స్ ఫైలు, సొంత సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) ఉండాలి. ఒక సైటును కాపీ చేసి ఇంకొకటి తయారుచేసినప్పుడు పాత సైట్‌మ్యాప్ చిరునామా రోబోట్స్ ఫైలులో అలాగే ఉండిపోతుంది. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే గడిలో టిక్కు కూడా ఇలాగే మిగిలిపోతుంది. ర్యాంకు రాలేదని నా దగ్గరకు వచ్చినవాళ్లకు మొదట ఆ గడి చూడమనే చెబుతాను.

పేజీల నివేదికలో మీరు చెప్పిన క్యానానికల్ కాకుండా గూగుల్ వేరేదాన్ని ఎంచుకుందనే వరుస కనిపిస్తే, దానిమీద నొక్కి గూగుల్ ఎంచుకున్న చిరునామా చూడండి. అది మీదే అయిన ఇంకో డొమైన్ అయితే రెండో పనికో మూడో పనికో తిరిగి వెళ్లాలి.

ఆరో పని: వేగం కొలవండి, మందగింపు ఎవరివల్లో తేల్చండి

ఐపీ వల్ల కాకపోయినా, ఒకే యంత్రాన్ని పంచుకోవడం వల్ల నష్టం ఉండవచ్చు. ఈ రెండిటినీ కలగలపడం వల్లే సగం గందరగోళం. సర్వర్ మెల్లగా జవాబిస్తే చదువరి విసిగి వెళ్లిపోతాడు. గూగుల్‌బాట్ కూడా తన రాకపోకలు తగ్గించుకుంటుంది. 500, 503, 429 లాంటి జవాబులు పెరిగితే సర్వర్ మోయలేకపోతోందని గ్రహించి వెనక్కి తగ్గుతుంది. రోబోట్స్ ఫైలు అడిగినప్పుడే సర్వర్ లోపం ఎదురైతే, సైటు మొత్తం మూసి ఉన్నట్టే భావించి ఆగిపోతుంది. కొత్త పేజీలు రోజుల తరబడి ఫలితాల్లోకి రాకపోవడానికి ఇది కారణం కావచ్చు.

సెర్చ్ కన్సోల్ సెట్టింగుల్లో క్రాల్ గణాంకాల నివేదిక ఉంటుంది. అందులో సగటు స్పందన సమయం గీతనూ, హోస్ట్ స్థితినీ చూడండి. తర్వాత ఈ చిన్న పరీక్ష చేయండి. నాలుగు మాటలు రాసిన ఒక సాదా హెచ్‌టీఎంఎల్ ఫైలు మీ సైటులో పెట్టండి. దాన్నీ, మీ వర్డ్‌ప్రెస్ ముందు పేజీనీ తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి తెరిచి, మొదటి బైటు రావడానికి ఎంత సమయం పట్టిందో బ్రౌజర్ డెవలపర్ పరికరాల్లోని నెట్‌వర్క్ పేజీలో చూసి రాసుకోండి. 800 మిల్లీసెకన్ల లోపు ఉంటే బాగున్నట్టు. సాదా ఫైలు కూడా రాత్రిళ్లు ఈడ్చుకుంటూ వస్తే సర్వర్ మీద బరువు ఎక్కువైంది, హోస్టింగ్ మార్చడం గురించి ఆలోచించాలి. సాదా ఫైలు చటుక్కున వచ్చి వర్డ్‌ప్రెస్ పేజీ మాత్రమే మూలుగుతుంటే తప్పు మీ ప్లగిన్లదో, థీమ్‌దో. తయారైన పేజీని దాచి ఇచ్చే క్యాష్ ప్లగిన్ ఒకటి పెట్టి, అక్కరలేని పది ప్లగిన్లు తీసేస్తే తేడా ఆ రోజే తెలుస్తుంది.

చాలామంది చూడని విషయం ఒకటుంది. షేర్డ్ హోస్టింగ్‌లో ఒక్కో ఖాతాకు ఇంత ప్రాసెసర్, ఇంత మెమరీ అని హద్దు ఉంటుంది. మీ నాలుగు సైట్లూ ఒకే ఖాతాలో ఉంటే ఆ హద్దును నాలుగూ కలిసి పంచుకుంటాయి. వంటల సైటులో ఒక వీడియో నలుగురి నోళ్లలో పడి జనం ఎగబడితే, అదే సమయంలో గ్రంథాలయం సైటు తెరిచినవారికి 508 అనో 503 అనో లోపం కనిపిస్తుంది. సీప్యానెల్‌లో వనరుల వినియోగం పేజీ ఉంటే గడచిన నెలలో ఎన్నిసార్లు హద్దు తాకారో చూడండి. మూడు వందలమంది పొరుగువారిని అనుమానిస్తాం గానీ, మన సైటు నోటి దగ్గరి ముద్ద లాక్కునేది ఎక్కువసార్లు మన ఇంకో సైటే.

పాఠకులు ప్రధానంగా తెలుగు రాష్ట్రాల్లో ఉంటే సర్వర్ ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉండటం మేలు. అమెజాన్ క్లౌడ్ 2016లో ముంబయిలోనూ, 2022 నవంబరులో హైదరాబాద్‌లోనూ కేంద్రాలు తెరిచింది. మీ ఊరగాయలు డల్లాస్‌కూ మెల్‌బోర్న్‌కూ వెళుతుంటే సీడీఎన్ (సైటు నకళ్లను దేశదేశాల సర్వర్లలో ఉంచే సేవ) ఒకటి ముందు పెట్టుకోండి. అది కూడా వేలాది సైట్లు పంచుకునే ఐపీయే, ఇబ్బందేమీ లేదు.

ఏడో పని: ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా

ఒకే ఖాతాలో ఉన్న సైట్లన్నీ సర్వర్ దృష్టిలో ఒకే మనిషి సొత్తు. ఒక సైటులోకి చొరబడినవాడు మిగతా మూడు సైట్ల ఫైళ్లనూ తిరగరాయగలడు. ఎప్పుడో ప్రయత్నించి వదిలేసిన పాత వర్డ్‌ప్రెస్ కాపీ, అందులో మూడేళ్లుగా తాజాపరచని ప్లగిన్: చొరబాటుకు అంతకన్నా మంచి కిటికీ దొరకదు. లోపలికి వచ్చినవారు చాలాసార్లు సైటును పాడుచేయరు కూడా. మీకు కనిపించకుండా వేల నకిలీ పేజీలు పుట్టించి, వాటిని గూగుల్‌కు మాత్రమే చూపిస్తారు. బడి పేరు వెతికితే జపనీస్ అక్షరాల్లో చేతిసంచుల ప్రకటనలు రావడం మీరూ చూసి ఉంటారు.

నెలకొకసారి గూగుల్‌లో సైట్ అనే ఇంగ్లిషు మాట, కోలన్, వెంటనే ఖాళీ లేకుండా మీ డొమైన్ పేరు ఇచ్చి వెతకండి. మీరు రాయని పేజీలు కనిపిస్తే ఆ రోజే పని మొదలుపెట్టాలి. సెర్చ్ కన్సోల్‌లో భద్రతా సమస్యల పేజీ కూడా చూడండి. నివారణ సులువే: వాడని సైట్లను చెరిపేయండి, మిగతావాటిని తాజాగా ఉంచండి, బ్యాకప్ ఇంకోచోట దాచండి. అన్నిటికన్నా ముఖ్యంగా, వీలైతే ఒక్కో సైటుకు ఒక్కో ఖాతా తీసుకోండి. ఒకే చందా కింద చాలా ఖాతాలు ఇచ్చే రీసెల్లర్ పథకాల్లో ఇది కుదురుతుంది. విడి ఐపీకి పెట్టే డబ్బు విడి ఖాతాలకు పెట్టండని నేను అందరికీ చెబుతాను. ఐపీ ఒకటే అయినా పరవాలేదు, గోడలు వేరుగా ఉండాలి.

ఎనిమిదో పని: మీ సైట్ల మధ్య లింకులు

వంటల సైటులో మాగాయ పచ్చడి గురించి రాసి, కొనదలచినవారికి ఊరగాయల సైటు లింకు ఇవ్వడం సహజం. చదివేవారికి పనికొస్తుంది, అందులో తప్పేమీ లేదు. బడి సైటు, గ్రంథాలయం సైటు, వంటల సైటు అన్నిటి అడుగునా, ప్రతి పేజీలో "ఉత్తమ ఆవకాయ ఆన్‌లైన్" అని లింకు వేలాడదీయడం మాత్రం ర్యాంకు కోసమేనని ఎవరికైనా తెలిసిపోతుంది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ పేరుతో వచ్చిన మార్పునుంచీ గూగుల్ ఇలాంటి లింకులపై కఠినంగానే ఉంది. సైటు తయారుచేసినవారిగా మీ పేరు అడుగున పెట్టుకోవాలంటే ఆ లింకుకు నోఫాలో (ర్యాంకుకు లెక్కించవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) జతచేయండి.

ఈ లింకుల జాడ దొరకకుండా వేర్వేరు "సీ క్లాస్" ఐపీలు ఇస్తామని అమ్మేవాళ్లున్నారు. ఐపీలను ఏ, బీ, సీ తరగతులుగా విడదీసే పద్ధతి 1993లోనే పోయింది. లేని తరగతి పేరు చెప్పి అమ్మడంలోనే ఆ సరుకు విలువ తెలుస్తోంది. నలభై ఐపీల మీద నలభై సైట్లు పెట్టినా, వాటి రాత ఒకటే, లింకులన్నీ చేరే చోటు ఒకటే అయితే దాగేది ఏమీ లేదు.

ఇంకో రకం కూడా తరచుగా చూస్తున్నాను. ప్లంబింగ్ పనులు చేసే ఒకాయనకు విజయవాడ పేరుతో ఒక సైటు, గుంటూరుకు ఒకటి, తెనాలికి ఒకటి, ఏలూరుకు ఒకటి. ఊరి పేరు తప్ప అక్షరం తేడా ఉండదు. వీటిని గూగుల్ డోర్‌వే సైట్లంటుంది, ఫలితాల్లోంచి తీసేస్తుంది. ఇవి ఏ ఐపీ మీద ఉన్నా జరిగేది అదే. నాలుగిటినీ ఒకే డొమైన్ కిందికి తెచ్చి, పాతవాటినుంచి 301 రీడైరెక్ట్ పెట్టి, ఒక్కో ఊరికి నిజంగా వేరే సమాచారం ఉంటేనే వేరే పేజీ రాయండి. ఆ ఊళ్లో చేసిన పనుల ఫోటోలు, అక్కడికి వచ్చే వేళలు, రవాణా ఖర్చు, ఇలాంటివి.

తొమ్మిదో పని: ఈమెయిలు

ఐపీ పంచుకోవడం నిజంగా దెబ్బకొట్టే చోటు ఇది. మెయిలు ప్రపంచంలో ఐపీకి మంచిపేరు, చెడ్డపేరు ఉంటాయి. మీ ఐపీ మీదనుంచి పక్కవాడు వ్యర్థపు మెయిళ్లు వెదజల్లితే స్పామ్‌హౌస్ లాంటి జాబితాల్లో ఆ ఐపీ చేరుతుంది. అప్పుడు మీ ఆర్డరు రసీదులు కూడా కొనుగోలుదారు స్పామ్ పెట్టెలో పడతాయి, లేదా అసలు చేరవు. దీనికీ వెతుకులాట ర్యాంకులకూ సంబంధం లేదు, వ్యాపారానికి మాత్రం చాలా ఉంది. విడి ఐపీ గురించి ప్రచారంలో ఉన్న భయం బహుశా ఇక్కడినుంచే వెబ్‌సైట్లకూ పాకింది.

మీ సైటునుంచి ఒక జీమెయిల్ చిరునామాకు మెయిలు పంపి, అక్కడ మూల సందేశం తెరిచి చూడండి. మెయిలు నిజంగా మీ డొమైన్ తరఫునే వచ్చిందో లేదో తేల్చే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే మూడిటి పక్కనా పాస్ అని ఉండాలి. లేకపోతే డీఎన్‌ఎస్‌లో ఆ రికార్డులు చేర్చండి. అన్నీ ఉన్నా మెయిళ్లు స్పామ్‌లో పడుతుంటే, సైటును ఉన్నచోటే ఉంచి మెయిలు పంపే పని మాత్రం ఒక ప్రత్యేక మెయిలు సేవకు అప్పగించండి.

విడి ఐపీ ఎప్పుడు కొనాలి?

సొంతంగా మెయిలు సర్వర్ నడుపుతుంటే కొనండి. మీ సర్వర్‌నుంచి బ్యాంకుకో, చెల్లింపుల సేవకో, ఎస్సెమ్మెస్ పంపే సంస్థకో అనుసంధానం ఉండి, వాళ్లు స్థిరమైన ఐపీని మాత్రమే అనుమతిస్తామంటే కొనండి. ఎస్‌ఎన్‌ఐ తెలియని పాత యంత్రాలు మీ సైటుకు రావలసి ఉంటే కొనండి. ఇంకొక అరుదైన సందర్భం ఉంది: పొరుగు సైటును అడ్డుకోవడానికి ఇంటర్నెట్ సంస్థలు మొత్తం ఐపీనే మూసేయడం. 2022 ఆగస్టులో ఆస్ట్రియాలో కోర్టు ఆదేశంతో కొన్ని క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలను మూసినప్పుడు ఏ పాపం ఎరుగని సైట్లు ఎన్నో అక్కడివారికి తెరుచుకోలేదు. మీ సైటు ఒక నెట్‌వర్క్ ఫోనులో తెరుచుకుని ఇంకో నెట్‌వర్క్ ఫోనులో తెరుచుకోకపోతే ఈ కోణంలో ఆరా తీయండి. ర్యాంకు పెరుగుతుందని మాత్రం కొనకండి.

సర్వర్ మార్చక తప్పకపోతే

ఆరో పనిలో సర్వరే మందమని తేలితే మారాలి. ఐపీ మారినంత మాత్రాన ర్యాంకు పోదు, చిరునామాలు మారకుండా ఉంటే చాలు. మారడానికి ఒకటి రెండు రోజుల ముందు డీఎన్‌ఎస్ రికార్డుల టీటీఎల్‌ను (పాత జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) 300 సెకన్లకు తగ్గించండి. కొత్త సర్వర్‌లో నాలుగు సైట్లనూ పూర్తిగా పెట్టి, మీ కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైలులో కొత్త ఐపీ రాసుకుని ముందుగా మీరొక్కరే తెరిచి చూడండి. రెండో పనిలో చెప్పిన నాలుగు రకాల పరీక్షా అక్కడే చేయండి. ఆ తర్వాతే డీఎన్‌ఎస్ మార్చండి, అదీ ఒక్కో సైటు చొప్పున, అంతగా రద్దీ లేనిదానితో మొదలుపెట్టి. కొత్త సర్వర్ బలం తెలిసేదాకా గూగుల్‌బాట్ కొన్నాళ్లు నెమ్మదిగా వస్తుంది, గణాంకాల గీత కిందికి జారుతుంది. కంగారుపడి మళ్లీ వెనక్కి మార్చకండి.

పాత ఖాతాను వెంటనే రద్దు చేయకండి. పాత సర్వర్ లాగ్ ఫైళ్లను రోజూ ఒకసారి చూస్తుండండి. గూగుల్‌బాట్ పేరుతో వచ్చేవాళ్లందరూ గూగుల్‌బాట్ కారు. ఆ ఐపీ ఏ పేరుకు చెందిందో డీఎన్‌ఎస్‌లో తిరగేసి వెతికితే ఆ పేరు చివర గూగుల్‌బాట్ డాట్ కామ్ లేదా గూగుల్ డాట్ కామ్ అని రావాలి, ఆ పేరును మళ్లీ వెతికితే అదే ఐపీ రావాలి. అలాంటి అసలు గూగుల్‌బాట్ పాత సర్వర్‌కు నాలుగు సైట్ల కోసమూ రావడం పూర్తిగా మానేసిన తర్వాత, ఇంకో వారం ఆగి, బ్యాకప్ ఒకటి దించుకుని, అప్పుడు పాత ఖాతా మూసేయండి.